లంకలూ లింకులూ

వెతుకులాట చరిత్ర – 9వ భాగం

గన్నవరాలు రెండు. విజయవాడ పక్కన విమానాలు దిగే గన్నవరం ఒకటి, కోనసీమలో వైనతేయ గట్టున ఉన్న పి.గన్నవరం ఇంకొకటి. ఇక కొత్తపేటలైతే ఊరూరా ఉన్నాయి. హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒకటి, గుంటూరులో ఒకటి, రావులపాలెం నుంచి అమలాపురం పోయే దారిలో మనది ఒకటి. రావులపాలెం బస్టాండులో నిలబడి కొత్తపేట బస్సు ఎప్పుడండీ అంటే, ఏ కొత్తపేట అని ఎవరూ ఎదురడగరు. సెర్చ్ ఇంజన్‌కు ఆ వీలు లేదు. ఒకే పేరున్న వేల పేజీల్లో దేన్ని ముందు పెట్టాలో, దేన్ని అడుక్కి తొయ్యాలో అది క్షణంలో తేల్చుకోవాలి. ఇప్పుడైతే మన ఫోను ఏ ఊళ్లో ఉందో చూసుకుని కొంత పని తేలిక చేసుకుంటోంది. పాతికేళ్ల కిందట ఆ ఆధారం లేదు. అప్పుడు దొరికిన ఆధారం లింకు.

పోయిన భాగంలో యాహూ డైరెక్టరీ గురించీ, 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా గురించీ చెప్పుకున్నాం. యాహూలో మనుషులు కూర్చుని సైట్లను చేత్తో వర్గీకరించేవారు. ఆల్టావిస్టా ప్రధానంగా పేజీలోని మాటలను చూసేది. చేత్తో చేసే పని వెబ్ పెరిగే వేగాన్ని అందుకోలేకపోయింది. మాటలు చూసే యంత్రానికి వచ్చిన చిక్కు వేరు. పేజీ తన గురించి తాను చెప్పుకున్నదాన్నే అది నమ్మాలి. హోటల్ వాడు తన పేజీ అడుగున, తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో ఊరి పేరు రెండు వందలసార్లు రాసిపెడితే యంత్రానికి అదే గొప్ప పేజీ.

పేజీ గురించి ఇతరులు ఏమంటున్నారో తెలిస్తే ఈ చిక్కు విడిపోతుంది. కానీ 1989లో టిమ్ బెర్నర్స్-లీ ఊహించిన వెబ్‌లో లింకు ఒకవైపే నడుస్తుంది. మీరు నా పేజీకి లింకు ఇస్తే ఆ సంగతి మీ పేజీలో ఉంటుంది కానీ నా పేజీకి తెలియదు. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా ఎవరికైనా లింకు ఇచ్చే ఈ ఏర్పాటు వల్లే వెబ్ అంత త్వరగా అల్లుకుంది. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారో తెలియాలంటే లోకంలో ఉన్న పేజీలన్నీ చదివి, ముళ్లన్నీ వెనక్కి విప్పుకుంటూ రావాలి. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థి లారీ పేజ్ 1996లో మొదలుపెట్టింది ఈ పనే. ఆ ప్రాజెక్టు పేరు బ్యాక్‌రబ్. తర్వాత సెర్గీ బ్రిన్ కలిశాడు, పేరు గూగుల్ అయింది.

ఆలోచన పూర్తిగా వాళ్లదే అనలేం. ఏ పరిశోధన వ్యాసాన్ని ఎందరు ఉదహరించారో లెక్కపెట్టే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లోనే తెచ్చాడు. ఉదహరించింది ఎవరన్నది కూడా చూడాలనీ, పేరున్న పత్రిక ఉదహరిస్తే దాని బరువు ఎక్కువనీ 1976లో పిన్‌స్కీ, నారిన్ గణితంలో పెట్టి చూపించారు. లింకులతో వరుస కట్టే ర్యాంక్‌డెక్స్‌ను రాబిన్ లీ పేజ్ కంటే కాస్త ముందే తయారుచేశాడు. ఆయనే తర్వాత చైనాలో బైదూ స్థాపించాడు. జాన్ క్లైన్‌బర్గ్ అదే కాలంలో ఇంకో పద్ధతి చూపించాడు: మంచి పేజీలకు దారి చూపేవి కొన్ని, అందరూ దారి చూపించేవి కొన్ని, ఈ రెండు రకాలూ ఒకదాన్నొకటి నిలబెడతాయి. లోకం మొత్తానికి పనికొచ్చే యంత్రంగా నిలిచింది మాత్రం పేజ్, బ్రిన్‌ల లెక్క. 1998 ఏప్రిల్‌లో బ్రిస్బేన్‌లో జరిగిన వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో వాళ్లు వ్యాసం చదివేనాటికి ఆ యంత్రం చేతిలో 2.4 కోట్ల పేజీలూ, 51.8 కోట్ల లింకులూ ఉన్నాయి. పేజ్‌ర్యాంక్ అనే ఆ లెక్క మీద ప్రత్యేకంగా రాసిన పత్రంలో వాళ్లతోపాటు రాజీవ్ మోత్వానీ, టెరీ వినోగ్రాడ్ పేర్లు కూడా ఉంటాయి.

ఈ లెక్క కోనసీమవాళ్లకు అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ అర్థం కాదని నా నమ్మకం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. అక్కడ ఎత్తిన నీరు బొబ్బర్లంక తూముల గుండా మధ్య డెల్టాలోకి దిగి, లొల్ల లాకుల దగ్గర అమలాపురం వైపూ, గన్నవరం వైపూ, ముక్తేశ్వరం వైపూ కాలువలుగా చీలుతుంది. కాలువ నుంచి పిల్ల కాలువ, దాన్నుంచి పంటబోదె. శివారు రైతుకు ఎంత నీరు అందుతుందన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: పై కాలువలో ఎంత నీరుంది, అది ఎన్ని బోదెలుగా చీలింది. పేజ్‌ర్యాంక్ కూడా ఇంతే. ఒక పేజీకి ఉన్న బరువు అది ఇచ్చే లింకుల మధ్య సమానంగా పంచబడి, అవతలి పేజీలకు చేరుతుంది.

అందువల్ల పెద్ద సైటు ఇచ్చిన లింకే గొప్పదని అనుకోనక్కర్లేదు. బరువు 10 ఉన్న పేజీ 100 చోట్లకు లింకులిస్తే ఒక్కొక్క లింకుకు వచ్చేది 0.1. బరువు 1 మాత్రమే ఉన్న చిన్న పేజీ రెండే లింకులిస్తే ఒక్కొక్కటి 0.5. చిన్న పేజీ ఇచ్చింది ఐదు రెట్లు ఎక్కువ. దీని మీద ఇంకొక సవరణ ఉంది. లింకులు నొక్కుకుంటూ పోయే మనిషి ఎప్పుడో ఒకప్పుడు విసిగి, అన్నీ మానేసి, ఎక్కడో కొత్త పేజీ తెరుస్తాడు. ఆ విసుగుకు 15 శాతం కేటాయించారు. లింకుల వెంట పారేది 85 శాతం. ఆ 15 శాతం, కాలువ చేరని చేలో కూడా పడే వాన. ఎవరూ లింకు ఇవ్వని పేజీకి సైతం ఆ కాస్త తడి ఉంటుంది. ఆ తడితో మాత్రం పంట రాదు.

కాలువకూ వెబ్‌కూ ఒక్క తేడా చెప్పి తీరాలి. కాలువ పల్లానికే పారుతుంది. వెబ్‌లో కింది పేజీ తిరిగి పై పేజీకి లింకు ఇవ్వొచ్చు, నీరు చుట్టూ తిరిగి మొదటికే రావచ్చు. అందుకని ఒక్కసారి లెక్కగట్టి వదిలేస్తే చాలదు. పంచి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ పంచి, అంకెలు కదలడం మానేదాకా చెయ్యాలి. 32.2 కోట్ల లింకుల మీద సుమారు 52 సార్లు పంచితే అంకెలు నిలకడకు వచ్చాయని పేజ్‌ర్యాంక్ పత్రంలో రాశారు. అన్ని కోట్ల ముళ్లు అంత త్వరగా కుదురుకోవడమే నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురమనిపించే సంగతి. కుదురుకోకపోతే ఈ ఆలోచన గణిత పుస్తకాల్లోనే ఉండిపోయేది.

లింకు మోసేది బరువొక్కటే కాదు. అది అవతలి పేజీకి పేరు కూడా పెడుతుంది. లింకు మీద ఏ మాటలు రాశామో, ఆ మాటలను గూగుల్ మొదటినుంచీ అవతలి పేజీకి చెందినవిగా రాసుకుంది. ఎవరైనా తన పేజీలో ‘అంతర్వేది తీర్థం’ అని రాసి ఒక పేజీకి లింకు ఇస్తే, ఆ పేజీలో ఆ మాటలు లేకపోయినా అది అంతర్వేది పేజీయే. ఫొటోలు మాత్రమే ఉన్న పేజీ సైతం ఇలా మాటలకు దొరుకుతుంది. తెలుగు వెబ్ దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. మన వెతుకులాట చరిత్రలో దీన్ని నేను అసలు ఘట్టం అంటాను.

అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు దేనికది సొంత ఫాంటు వాడేవి. ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఒక ఫాంటు. ఆ ఫాంటు దించుకుంటే తెర మీద కోనసీమ అని చక్కగా కనిపించేది. యంత్రం చూసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగమైన వరుసను. అదే మాట ఇంకో పత్రికలో ఇంకో వరుస. వరదల మీద, కొబ్బరి ధర మీద, అమలాపురం నుంచి రోజూ వార్తలు వెళ్తున్నా, వాటిలో ఒక్కటీ కోనసీమ అన్న మాటకు దొరికేది కాదు. ఆ పేజీకి ఎవరైనా లింకు ఇస్తే బరువు చేరేది, ఎందుకంటే లింకు నడిచేది చిరునామా మీద. కానీ లింకు మీద రాసిన తెలుగు మాట కూడా ఆ ఫాంటులోనే ఉంటే పేరు చేరేది కాదు. చేలోకి నీరు వచ్చింది, ఎవరి చేనో కాగితం మీద లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు 1990ల తొలినుంచే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అందుకే. ఇంటర్నెట్‌లో మన ఊళ్ల పేర్లు ముందుగా పాతుకుపోయింది ఇంగ్లీషు అక్షరాల్లోనే. కోనసీమకు ఆ అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులు. రాజోలును పాతకాలం నాటి స్పెల్లింగుతో రాసినవారు కొందరు, చెవికి వినిపించినట్టు రాసినవారు కొందరు. ఒక ఊరి పేరుకు రావలసిన లింకు మాటలు ఇలా పాయలు పాయలుగా చీలిపోయాయి.

హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ప్రసాద్ పింగళి, జగదీశ్ జాగర్లమూడి, వాసుదేవ వర్మ ఈ చిక్కునే పట్టుకున్నారు. వెబ్‌ఖోజ్ అని వాళ్లు కట్టిన సెర్చ్ ఇంజన్ భారతీయ భాషల పేజీలను వెతికిపట్టి, ఏ ఫాంటులో ఉన్నాయో గుర్తించి, అన్నిటినీ, ఫాంటు ఏదైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండే యూనికోడ్‌లోకి మార్చి, అప్పుడు సూచీ కట్టేది. 2006లో ఎడిన్‌బరోలో జరిగిన వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆ పరిశోధన వచ్చింది. వెబ్‌లో ఉన్న భారతీయ భాషల సమాచారంలో 95 శాతానికి పైగా సెర్చ్‌కు దొరకడం లేదని ఆ వ్యాసం మొదటి వాక్యాల్లోనే చెప్పారు. రాసినవాళ్లు రాస్తూనే ఉన్నారు, చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు, మధ్యలో వెతుకులాట ఎండిపోయింది.

ధవళేశ్వరం నీరు కోనసీమ అంతటికీ ఒక్కసారే అందలేదు. వైనతేయ అవతల, రాజోలు వైపున్న నగరం దీవికి నీరివ్వాలంటే నది మీదుగా నీటిని దాటించాలి. కాటన్ దగ్గర పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టి ఆ పని చేశాడు. దాని పక్కన ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకు లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఒక్కో ఫాంటు ఒక్కో లంకగా విడిపోయిన తెలుగుకు యూనికోడ్ చేసింది ఇదే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 తొలి కూర్పులోనే చోటు దొరికింది. చోటు ఉంటే సరిపోదు, కంప్యూటర్లో అక్షరం కనబడాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటుకు మైక్రోసాఫ్ట్ గౌతమి అని పేరు పెట్టింది, కోనసీమకు తూర్పు హద్దు గీసే గోదావరి పాయ పేరే. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పత్రికల ఫాంట్లను ఫైర్‌ఫాక్స్‌లో అప్పటికప్పుడు యూనికోడ్‌గా మార్చి చూపే పద్మ అనే పొడిగింపు రాశారు. 2006లో వీవెన్ చేసిన లేఖిని వచ్చాక ఎవరైనా మామూలు కీబోర్డు మీద తెలుగు కొట్టగలిగారు. పెద్ద సంస్థలు అంతగా చొరవ చూపని రోజుల్లో వీళ్లు చేసిన పనికి మనం ఇంకా సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు.

వికీపీడియా ఒక్క అక్షరాలే ఇవ్వలేదు, లింకుల అల్లిక కూడా ఇచ్చింది. అందులో గ్రామం పేజీ నుంచి మండలం పేజీకి, మండలం నుంచి జిల్లాకు లింకు ఉంటుంది. మండలం పేజీలో ఆ మండలంలోని గ్రామాలన్నిటికీ తిరుగు లింకులుంటాయి. మామిడికుదురు మండలంలోని అప్పనపల్లికి బయటివాళ్లెవరూ లింకు ఇవ్వకపోయినా ఈ అల్లికలోనుంచి ఎంతో కొంత బరువు చేరుతుంది, అదీ తెలుగు పేరుతో చేరుతుంది. కోనసీమ పల్లెలను తెలుగులో వెతికితే దొరికేలా చేసినది పర్యాటక ప్రకటనలకన్నా ఈ అల్లికే అని నా అభిప్రాయం. కొత్తపేటలను విడదీసేది కూడా ఇదే: ఒక కొత్తపేట పేజీ చుట్టూ రావులపాలెం, ఆత్రేయపురం, పలివెల ఉంటే అది ఏ కొత్తపేటో ఆ చుట్టపక్కాలే చెబుతాయి. అడిగిన విషయాన్నిబట్టి లింకుల బరువును వేర్వేరుగా లెక్కగట్టే పద్ధతిని తహేర్ హవేలీవాలా 2002లో ప్రతిపాదించాడు.

లింకుకు ఇంత విలువ ఉందని తెలిశాక దాన్ని కొనడం, అమ్మడం మొదలైంది. ఆ సంత గురించి ఎక్కువ చెప్పను. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన జేసీ పెన్నీ ఉదంతం ఒక్కటి చాలు. ఆ అమెరికా దుకాణానికి, దానితో ఏ సంబంధమూ లేని వేలాది పేజీల నుంచి లింకులు పుట్టుకొచ్చాయి. పండుగ అమ్మకాల నెలల్లో దుస్తుల నుంచి దుప్పట్ల దాకా ఏది వెతికినా అదే మొదట వచ్చింది. పత్రిక అడిగాకే గూగుల్ దాన్ని కిందికి దించింది. అంతకుముందే, 2005 జనవరిలో, ఈ లింకును సిఫారసుగా లెక్కపెట్టొద్దని చెప్పే నోఫాలో గుర్తును సెర్చ్ సంస్థలు ఒప్పుకున్నాయి; 2007లో ఇంగ్లీషు వికీపీడియా తన బయటి లింకులన్నిటికీ దాన్ని తగిలించింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ పేరుతో వచ్చిన మార్పు దొంగ లింకుల మీద నిలబడ్డ సైట్లను పెద్ద ఎత్తున పడగొట్టింది.

జేసీ పెన్నీ వార్త వచ్చిన నెలన్నరకే, 2011 మార్చి 28న, వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు హైదరాబాదులో మొదలైంది. ఆ సదస్సు భారతదేశానికి రావడం అదే మొదటిసారి. బెర్నర్స్-లీ కూడా ప్రసంగించాడు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మన తెలుగు ఆచార్యుడు కంభంపాటి సుబ్బారావు, రాజు బాలకృష్ణన్‌తో కలిసి అక్కడ సమర్పించిన వ్యాసం పేరు సోర్స్‌ర్యాంక్. వాళ్ల ప్రశ్న చాలా సూటిది. పుస్తకాల దుకాణాలు, సినిమా సమాచార సైట్లు వంటి వాటిలో అసలు సరుకంతా డేటాబేసుల్లో ఉంటుంది. ఆ వరుసల మధ్య లింకులే ఉండవు. మరి ఏ డేటాబేసును నమ్మాలి? ఒకే ప్రశ్నకు రెండు చోట్ల ఒకే జవాబు వస్తే, ఆ ఏకీభావాన్నే లింకుగా భావించమన్నారు. అలా ఏర్పడిన అల్లిక మీద పేజ్‌ర్యాంక్ తరహాలోనే నడిచి బరువు తేల్చారు. రెండు డేటాబేసులు ఒకదాన్నొకటి కాపీ కొట్టినా జవాబులు కలుస్తాయి కదా, ఆ కుమ్మక్కును పట్టుకునే లెక్క కూడా అందులోనే పెట్టారు. మనిషి ఇచ్చిన లింకును కొనొచ్చని తేలిపోయిన రోజుల్లో, ఎవరూ ఇవ్వకుండానే ఉన్న లింకును వెతికిన ఆలోచన ఇది. ఇదే ఆచార్యుడు తర్వాత కృత్రిమ మేధ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఏఏఏఐకి అధ్యక్షుడయ్యారు.

మూలాన్ని నమ్మడం గురించి 2004లోనే స్టాన్‌ఫర్డ్, యాహూ పరిశోధకులు ట్రస్ట్‌ర్యాంక్ ప్రతిపాదించారు. ముందుగా మనుషులు చూసి ఎంచిన కొన్ని మంచి సైట్ల నుంచే నమ్మకం పారడం మొదలవ్వాలన్నది అందులోని సూత్రం. ప్రభుత్వం, విశ్వవిద్యాలయం వంటి బాధ్యత గల యజమాని ఉన్న సైట్లనే ఎంచుకున్నారు. దీని అవసరం ఏమిటో తెలుగు భక్తులకు బాగా తెలుసు. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం పేరు మీద పుట్టిన నకిలీ వెబ్‌సైట్ల లెక్క 41కి చేరింది, పోలీసు కేసు పెట్టారు. అసలు సైటు చిరునామా కూడా కొన్నేళ్లుగా మారుతూ వచ్చింది. 2024 జనవరిలో టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అయింది. చిరునామా మారిన ప్రతిసారీ లోకంలో ఉన్న పాత లింకులు పాత గుమ్మానికే వెళ్తాయి. పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా మళ్లిస్తేనే సంపాదించుకున్న బరువు వెంట వస్తుంది. ఏ సంస్థయినా ఈ మళ్లింపును చిన్న పనిగా చూడకూడదు. యాత్రికుడు డబ్బు కట్టేది ముందు కనిపించిన చోటే.

ఇప్పుడు లింకొక్కటే వరుసను నిర్ణయించడం లేదు. 2023 అక్టోబరులో వాషింగ్టన్ కోర్టులో గూగుల్ సెర్చ్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ ఇచ్చిన సాక్ష్యంలో, జనం ఏ ఫలితం మీద నొక్కారో గుర్తుపెట్టుకునే నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ గురించి కూడా ఉంది. ఆ కథకు వేరే భాగం కావాలి. లింకు మాత్రం పక్కకు పోలేదు, ముఖ్యంగా జనం ఎక్కువగా నొక్కని చిన్న భాషల్లో, చిన్న ఊళ్ల విషయంలో.

కోనసీమ విషయంలో దీనికి ఈమధ్యే పెద్ద పరీక్ష వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాత తూర్పు గోదావరి నుంచి కోనసీమ వేరే జిల్లా అయింది, అమలాపురం ముఖ్యపట్టణం, కొత్తపేట కొత్త రెవెన్యూ డివిజను. అదే ఏడాది ఆగస్టులో జిల్లా పేరు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమగా మారింది. తూర్పు గోదావరి అన్న పేరు రాజమహేంద్రవరానికి ఉండిపోయింది. దాంతో వెబ్‌లో ఒక వింత మిగిలింది. అంతర్వేది, అయినవిల్లి, ముక్తేశ్వరం, వాడపల్లి, వీటి గురించి అంతకుముందు రాసిన పేజీలన్నీ ఇవి తూర్పు గోదావరి జిల్లాలోవని చెప్పి, ఆ జిల్లావైపే లింకులిచ్చాయి. అప్పుడవి సరైన లింకులే. ఇప్పుడు ఆ చిరునామాలో ఉన్న జిల్లాలో అంతర్వేది లేదు. బరువు మాత్రం ఇంకా అటే పారుతోంది. కొత్త జిల్లా సైటు పుట్టిన రోజున దానికి లింకు ఇచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, ఎంత సరైన సమాచారం పెట్టినా.

పాత పేజీలో ఉన్న లింకును సెర్చ్ ఇంజన్ తనంతట తాను దిద్దదు. ఆ పేజీ ఎవరిదో వాళ్లే దిద్దాలి, వాళ్లలో చాలామంది ఆ పేజీ రాసిన సంగతే మరిచిపోయి ఉంటారు. దిద్దే వీలు అందరికీ ఉన్న చోటు వికీపీడియా. జిల్లాలు మారిన తర్వాత తెలుగు వికీపీడియా సభ్యులు ఒక్కొక్క మండలం పేజీ తెరిచి మార్చుకుంటూ వచ్చారు. సఖినేటిపల్లి, మామిడికుదురు, రాజోలు, అయినవిల్లి పేజీలు ఇప్పుడు కొత్త జిల్లాకే ముడిపడి ఉన్నాయి.

(ఇంకా ఉంది)